సర్వీస్ ఐదు నెలలు ఆలస్యమైన కారు: ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా, వద్దా?

ఈ కేసులోని దంపతులను అడిగి, సరేనన్నాకే రాస్తున్నాను. కారు కంపెనీ, మోడల్, షోరూమ్ పేర్లు చెప్పను. కుటుంబ వివరాలు ఒకటి రెండు మార్చాను.

నేను పదకొండేళ్లు కంపెనీ వర్క్‌షాపుల్లో సర్వీస్ అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో సొంతంగా, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి బండి చూసిపెట్టడం, వారంటీ దగ్గర తగువు పడ్డవాళ్లకి సలహా చెప్పడం చేస్తున్నాను. ఎక్స్‌టెండెడ్ వారంటీలు, అంటే కంపెనీ వారంటీ అయిపోయాక కూడా కొన్నాళ్లు రిపేర్లు కవర్ అయ్యేలా విడిగా కొనే పాలసీలు, నేనూ బోలెడు అమ్మాను. నెలకింతని టార్గెట్, దానిమీద ఇన్సెంటివ్ ఉండేవి. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నా మొదటి తప్పు ఆ పాత అలవాటు నుంచే వచ్చింది.

నేపథ్యం

భర్త బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. భార్య టీచరుగా చేశారు. కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. కారు టర్బో పెట్రోల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నవంబరు 2020లో డెలివరీ తీసుకున్నారు. కంపెనీ వారంటీ 3 ఏళ్లు. నా దగ్గరికి వచ్చింది సెప్టెంబరు 2023లో, అంటే గడువుకి రెండు నెలల ముందు. ఓడోమీటర్ మీద 26,800 కిలోమీటర్లు. వాడకం దాదాపు అంతా సిటీలోనే, ఏడాదికి దాదాపు తొమ్మిదిన్నర వేలు.

కారు ఇంకో ఐదారేళ్లు ఉంచుకుంటామన్నారు. ఇది మొదట అడగాల్సిన విషయం. ఏడాదిలో అమ్మేసే బండి అయితే లెక్క వేరు. చాలా కంపెనీల పాలసీలు కొద్దిపాటి ఫీజుతో రెండో ఓనరు పేరుకి మారతాయి కాబట్టి, అక్కడ పాలసీ అమ్మకం ధరకి ఎంత కలిపిస్తుందో చూడాలి.

వాళ్లు అడిగింది

షోరూమ్ నుంచి వారానికి రెండుసార్లు ఫోన్లు. రెండేళ్ల పొడిగింపు, పన్నుతో కలిపి 34,500 రూపాయలు. "ఈరోజే ఆఖరు సార్, రేపటి నుంచి రేటు పెరుగుతుంది" అని మూడు వారాలుగా చెబుతున్నారట. ఇటు కొడుకేమో "నాన్నా, అవన్నీ స్కామ్, ఎత్తొద్దు" అంటున్నాడు.

కొడుకు మాటలో తప్పు లేదు, కాకపోతే అది వాళ్ల ఊరి సంగతి. అమెరికాలో "మీ కారు వారంటీ అయిపోతోంది" అనే రికార్డెడ్ కాల్స్ ఎంత ముదిరాయంటే, 2022 జూలైలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వాటిని ఆపమని ఫోన్ కంపెనీలకి ఆదేశాలిచ్చింది. కారు కంపెనీతో ఏ సంబంధమూ లేనివాళ్లు అమ్మే కాంట్రాక్టులవి. ఇక్కడ ఈ దంపతులకి వచ్చింది కారు తయారీ కంపెనీ పేరుమీదున్న పాలసీ, దేశంలో ఆ కంపెనీ వర్క్‌షాపు ఏదైనా చెల్లుతుంది. రెండింటికీ ఒకటే పేరు కావడంతో తండ్రీకొడుకులు ఫోన్లో వేర్వేరు వస్తువుల గురించి వాదించుకుంటున్నారు.

ఇంకో అపోహ కూడా తొలిరోజే తీర్చాల్సి వచ్చింది. బ్రోషర్ మీద "5 ఏళ్ల నిశ్చింత" అని ఉంది. ఇప్పుడు డబ్బు కడితే ఇక్కణ్ణుంచి ఐదేళ్లని పెద్దాయన అనుకున్నారు. కాదు. డెలివరీ తేదీ నుంచి ఐదేళ్లు. అందులో మూడు ఎలాగూ అయిపోవచ్చాయి. కొనేది రెండేళ్లే.

ఫోన్లో నేను చేసిన తప్పు

ఆయన మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేనడిగినవి రెండే: ఏ గేర్‌బాక్స్, సిటీలో తిరుగుతుందా? వినగానే "డ్యూయల్ క్లచ్ బండా సార్? కళ్లు మూసుకుని తీసేసుకోండి" అన్నాను.

ఆ తొందరకి కారణం ఉంది. ఈ రకం చిన్న కార్లలో చాలావాటికి డ్రై క్లచ్ ఉంటుంది, అంటే చల్లబరిచే ఆయిల్ ఉండదు. కూకట్‌పల్లి రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి అడుగడుగు పాకేటప్పుడు క్లచ్ సగం పట్టీ పట్టకా జారుతూ ఉంటుంది, వేడెక్కుతుంది. దాన్ని నడిపే యూనిట్, మేం మెకాట్రానిక్స్ అంటాం, పోతే బిల్లు లక్ష దాటడం వర్క్‌షాపులో కళ్లారా చూశాను.

కానీ నేను చెప్పింది కారు రకం గురించి. వాళ్ల కారు గురించి కాదు. సర్వీస్ బుక్ అడగలేదు, బయట ఏమైనా ఫిట్టింగులు చేయించారా అని అడగలేదు. వర్క్‌షాపులో ఉన్నప్పుడు ఇవి అడిగే అలవాటు ఎందుకు పోయిందో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది: అడిగితే అమ్మకం ఆలస్యమవుతుంది.

లెక్క కట్టి చూశాం

వాళ్లింటికి వెళ్లాక ల్యాప్‌టాప్ తీసి ఒక పట్టిక వేశాను. ఒక వరసలో ఖరీదైన భాగాలు: గేర్‌బాక్స్ మెకాట్రానిక్స్, టర్బో, స్టీరింగ్ ర్యాక్, ఏసీ కంప్రెసర్, టచ్ స్క్రీన్, ఇంజిన్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్). పక్కన రిపేరు ఖర్చు. దాని పక్కన రెండేళ్లలో పాడయ్యే అవకాశం. గుణించి కూడితే వచ్చేదాన్ని 34,500తో పోల్చాలి. చూడ్డానికి శాస్త్రీయంగానే ఉంది.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని మూడో కాలమ్ మీద వేలు పెట్టారు. "బాబూ, ఈ శాతాలు ఎక్కడివి?"

"అనుభవం మీద వేశానండీ."

"అంటే నువ్వు వేసినవేగా."

అవును, నేను వేసినవే. మెకాట్రానిక్స్ రిపేరు 1,20,000 అనుకుంటే, పోయే అవకాశం నూటికి 10 అని వేస్తే 12,000. 20 అని వేస్తే 24,000. ఈ ఒక్క గడి మార్చితే జవాబు "వద్దు" నుంచి "తీసుకో" దాకా వెళ్లిపోతోంది. ఏ భాగం ఎంతమందికి పోయిందన్న అసలు లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. ధర వేసేది వాళ్లే, ఆ లెక్క చూసుకునే వేస్తారు. దానిపైన డీలర్ కమీషన్, దానిపైన 18 శాతం జీఎస్టీ. 34,500లో 5,260 దాకా పన్నే. సగటు మనిషికి సగటున ఇది నష్టం బేరమని చెప్పడానికి పట్టిక అక్కర్లేదు. ఇన్సూరెన్సూ అంతే, అయినా కడతాం. కాబట్టి సగటు మీద తేలేది ఏమీ లేదు. పట్టిక మూసేశాను.

ఆవిడ అప్పటిదాకా మాట్లాడలేదు. కాఫీ గ్లాసులు తీస్తూ భర్తతో అన్నారు: "ఏవండీ, అసలు మనం దేనికి భయపడుతున్నాం? అది పోతే వాళ్లు ఇస్తారా లేదా, ముందు అది కనుక్కోండి."

నేను చేసిన లెక్కలన్నిటికంటే ఆ ప్రశ్న ముందుకెళ్లింది.

వాళ్ల భయం క్లచ్ గురించి. ఫస్ట్, సెకండ్ గేర్లలో బండి అప్పుడప్పుడూ వణుకుతోందట.

షరతుల కాగితం

బ్రోషర్ అందరూ ఇస్తారు. పూర్తి షరతుల కాపీ అడిగితేనే ఇబ్బంది. టెలీకాలర్ "డబ్బు కట్టాక మెయిల్‌కి వస్తుంది సార్" అంది. సంతకం పెట్టాక కాగితం చూపిస్తామంటే ఎలా? బ్యాంకాయన కదా, ఆయనకి అక్కడే మండింది. స్వయంగా షోరూమ్‌కి వెళ్లి కూర్చుంటే పది రోజులకి కాపీ దొరికింది.

అందులో మాకు పనికొచ్చినవి ఇవి. మెకాట్రానిక్స్ యూనిట్‌కి వర్తిస్తుంది. క్లచ్ ప్లేట్లకి వర్తించదు. అవి బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, సస్పెన్షన్ బుష్‌లతో కలిపి అరిగిపోయే సామాను జాబితాలో ఉన్నాయి. అంటే వాళ్లు దేనికి భయపడి ఈ పాలసీ కొనబోతున్నారో అదే ఇందులో లేదు. వణుకు ప్లేట్ల వల్ల అయితే జేబులోంచి కట్టుకోవాలి, యూనిట్ వల్ల అయితే కంపెనీ పెట్టుకుంటుంది. రెండిటి లక్షణాలూ మొదట్లో ఒకేలా ఉంటాయి.

తర్వాతి పేజీలో అసలు సంగతి. ప్రతి సర్వీసూ గడువుకి నెల రోజులు లేదా వెయ్యి కిలోమీటర్ల లోపు, కంపెనీ వర్క్‌షాపులోనే జరిగి ఉండాలి. వైర్లు కత్తిరించి బయట ఫిట్టింగులు చేయిస్తే ఎలక్ట్రికల్ క్లెయిములు చెల్లవు.

అప్పుడు సర్వీస్ బుక్ తెరిచాను. ఫోన్లో మాట్లాడిన నాడే తెరవాల్సింది. రెండో ఏడాది సర్వీస్ నవంబరు 2022లో చేయించాలి. జరిగింది ఏప్రిల్ 2023లో. మధ్యలో ఏమైంది? అక్టోబరు నుంచి మార్చి దాకా వాళ్లు కొడుకు దగ్గర, కోడలి పురుడికి. కారు ఆర్నెల్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లో కవర్ కింద ఉంది. మన కాలనీల్లో ఎన్ని సెల్లార్లలో ఎన్ని కార్లు ఇలా పడుంటాయో! తిరగని బండికి సర్వీసేంటని ఎవరైనా అనుకుంటారు. కంపెనీ మాత్రం కిలోమీటర్లు, నెలలు, ఏది ముందొస్తే అది చూస్తుంది.

డ్యాష్‌కామ్ కూడా ఉంది. బయట షాపులో ఫ్యూజ్ బాక్స్ దగ్గర వైరు కోసి కలిపారు.

ఆ కాగితం ముందు పెట్టుకుని ఫోన్లో ఇచ్చిన సలహా వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన నవ్వి, "కళ్లు మూసుకోమన్నావు, అందుకే తెరిచా" అన్నారు.

గడువు లోపల తనిఖీ

ఇక్కడ దారి మార్చాం. పొడిగింపు సంగతి తర్వాత. ఉన్న వారంటీ ఇంకా ఐదు వారాలుంది, ముందు దాన్ని పూర్తిగా వాడుకుందామన్నాను. గడువు దాటిన మర్నాడు బయటపడే లోపం చాలాసార్లు గడువు ముందే మొదలై ఉంటుంది.

ఒక ఉదయం రెండు గంటలు బండి చూశాను. చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి విన్నాను, స్కానర్ పెట్టాను, స్పీడ్ బ్రేకర్ల మీద, ఫ్లైఓవర్ ఎక్కుడులో, ట్రాఫిక్‌లో నడిపాను. మూడు దొరికాయి. గతుకుల మీద స్టీరింగ్‌లో టకటక శబ్దం. డ్రైవర్ పక్క అద్దం పైకెక్కడం నెమ్మది. తక్కువ వేగంలో ఆ వణుకు. ఏసీ బాగుంది, థర్మామీటర్ పెట్టి మరీ చూశాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వర్క్‌షాపుకి ఆయనతో నేనూ వెళ్లాను. అడ్వైజర్ కుర్రాడు జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాయబోయాడు. ఆపించాను. అలా రాస్తే ఏమీ దొరకలేదని తిరిగిచ్చేయడం సులువు, రేపు "అప్పుడే చెప్పాం" అనడానికి మనకి ఆధారం ఉండదు. మూడు ఫిర్యాదులూ విడివిడిగా, ఏ వేగంలో, ఎలాంటి రోడ్డు మీద వస్తాయో మా మాటల్లోనే రాయించాం. స్టీరింగ్ శబ్దం వినిపించడానికి టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గతుకుల రోడ్డుకే తీసుకెళ్లాను.

స్టీరింగ్ ర్యాక్ వారంటీలో మార్చారు. డబ్బు కట్టాల్సి వస్తే ఎంతని ఎస్టిమేట్ వేయించి చూస్తే 38,000. అద్దం మోటరు కూడా మార్చారు. గేర్‌బాక్స్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, క్లచ్ పట్టే పాయింటు మళ్లీ నేర్పించారు. వణుకు బాగా తగ్గింది. సర్వీస్ ఆలస్యం సంగతి మేనేజర్ ఎత్తాడు, కానీ ఆయిల్ మార్పు ఆలస్యానికీ స్టీరింగ్‌కీ సంబంధం లేదన్నది అతనూ ఒప్పుకున్నాడు.

ఈ ఒక్క పూట పని పాలసీ ధర కంటే ఎక్కువ తెచ్చింది. పైగా దీనికి పాలసీ అక్కర్లేదు.

ఒక మెయిల్

ఇప్పుడు పెద్దాయనకి కొత్త ఆలోచన: "ఆలస్యం ఉన్నా వీళ్లు చేశారుగా. రేపు పొడిగింపులో కూడా చేస్తారు."

సబబైన వాదనే, కానీ నేను ఒప్పుకోలేదు. కంపెనీ వారంటీ కారుతో వచ్చింది. పొడిగింపు విడిగా కొనే ఇంకో ఒప్పందం, దాని షరతులు దానివి. ఇక్కడ మేనేజర్ మంచితనం అక్కడ రాతపూర్వక హక్కు కాదు. అలాగని "వద్దు" అనడానికీ నా దగ్గర ఆధారం లేదు. అందుకని అడిగేద్దామన్నాను, కాగితం మీద.

మెయిల్ ఇంత చిన్నది: ఫలానా రిజిస్ట్రేషన్ కారుకి రెండో సర్వీస్ ఐదు నెలలు ఆలస్యమైంది, మీ సిస్టమ్‌లో ఉంది. డ్యాష్‌కామ్ వైరింగ్ ఉంది. ఈ రెండూ తెలిసి మీరు పాలసీ అమ్మితే, వీటి కారణంగా క్లెయిమ్ తిరస్కరించబోమని రాసివ్వగలరా?

టెలీకాలర్ నోటితో "ఏం ప్రాబ్లం ఉండదు సార్" అంది, ధర కూడా 29,900కి దించింది. మెయిల్‌కి నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది: క్లెయిమ్ చెల్లుతుందా లేదా అన్నది క్లెయిమ్ సమయంలో షరతుల ప్రకారం నిర్ణయిస్తారు.

ఇది నాకు జవాబే. ఫోన్లో ఉన్న భరోసా కాగితం మీద లేదు.

చట్టం దారి కూడా చెప్పాను. చరిత్ర తెలిసే అమ్మి, తర్వాత అదే కారణంతో కాదంటే వినియోగదారుల కమిషన్ ముందు బలమైన వాదనే అవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తానుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ల గడువుంటుంది. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడొచ్చు. ఆయన తల అడ్డంగా ఊపారు. "నిశ్చింత కోసమే కదా కొనేది. కొనుక్కుని కోర్టు చుట్టూ తిరగడమెందుకు?"

షోరూమ్ వాళ్లు ఇంకోటి కూడా చూపించారు, బయటి సంస్థ పాలసీ, 14,000. ఏడాదికి 50,000 మించి ఇవ్వరు. లక్ష దాటే దెబ్బకి భయపడేవాళ్లకి యాభై వేల గొడుగు దేనికి? దాని మీద ఎక్కువసేపు కూర్చోలేదు.

నిర్ణయం

తీసుకోలేదు. పాలసీకి పెట్టాలనుకున్న దాంట్లో 30,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశారు, కారు రిపేరుకి తప్ప ముట్టకూడదని ఆవిడ షరతు. లక్ష రూపాయల దెబ్బ తగిలితే ఇబ్బందే కానీ ఇల్లు గడవడం ఆగదని ఇద్దరూ చెప్పారు. ఈఎంఐ మీద నెట్టుకొస్తున్న కుటుంబమైతే ఈ మాట నేను అంత తేలిగ్గా తీసుకోను.

అదే నెలలో ఇంకొకరికి తీసుకోమని చెప్పాను. రోజూ డెబ్బై కిలోమీటర్లు తిరిగే ఆవిడ, సర్వీసులన్నీ గడువులోనే, బయటి వైరింగు లేదు, చేతిలో పెద్దగా డబ్బు లేదు. క్లెయిమ్ కాదనడానికి కారణం వెతికినా దొరకని కారు అది.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఫోన్లో జవాబు చెప్పను. ముందు సర్వీస్ బుక్ ఫొటోలు పంపమంటాను, ఆ తర్వాతే కారు రకం అడుగుతాను. శాతాల పట్టిక మానేశాను. అమెరికా ప్రయాణం పెట్టుకున్న పెద్దవాళ్లకి, వెళ్లే ముందే సర్వీస్ చేయించి వెళ్లమంటాను.

గడువుకి మూడు నెలల ముందు తనిఖీ అన్నది అందరికీ చెబుతున్నాను. ఆ గడువు ఎప్పుడన్నది కూడా పాత అలవాటు ప్రకారం అనుకోకూడదు. మారుతి సుజుకీ 2024 జూలైలో తన మామూలు వారంటీని 2 ఏళ్లు, 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లకి పెంచింది. రెండేళ్లకే కంగారుపడి పరుగెత్తుకొచ్చే పాత లెక్క, అప్పటి నుంచి డెలివరీ తీసుకున్నవాళ్లకి మారిపోయింది.

ఇంకోటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, తెలిసినవాళ్లు ఇద్దరు ఫోన్ చేసి "ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంది, ఇంజిన్‌లోకి నీళ్లెళ్లాయి, ఇస్తారా?" అని అడిగారు. ఇవ్వరు. నీళ్లు, ఎలుకలు కొరికిన వైర్లు, గుద్దుకోవడం, ఇవన్నీ ఇన్సూరెన్స్ వైపు చూడాల్సినవి. అందులోనూ ఇంజిన్‌లోకి నీళ్లెళితే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ (ఇన్సూరెన్స్‌లో అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్) ఉందా అని చూసుకోవాలి.

పద్దెనిమిది నెలల తర్వాత

2025 మేలో, ఎండలు మండుతున్నప్పుడు, పెద్దాయన ఫోన్ చేశారు. ఏసీ కంప్రెసర్ పోయింది. పొడిగింపు తీసుకుని ఉంటే ఇంకా ఆరు నెలల గడువుండేది, కంప్రెసర్ ఆ జాబితాలో ఉంది. బిల్లు 24,600.

తనిఖీ నాడు ఏసీ బాగుందన్నది నేనే. నా నోట్సు మళ్లీ తీసి చూశాను: వెంట్ దగ్గర చల్లదనం సరిగ్గానే ఉంది, శబ్దం లేదు. అప్పుడు దాన్ని పట్టుకునే మార్గం నాకు ఇప్పటికీ కనిపించడం లేదు. వర్క్‌షాపులో పాత పరిచయస్తుణ్ణి ఊరికే అడిగాను, ఈ కారుకి పాలసీ ఉంటే కంప్రెసర్ ఇచ్చేవారా అని. అతను హిస్టరీ తెరిచి, ఆ ఐదు నెలల ఖాళీ చూసి, "అప్రూవల్‌కి పంపాలి అన్నా, వస్తే వస్తుంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేశారు. నిష్ఠూరం వినాల్సి వస్తుందని సిద్ధపడే ఎత్తాను.

"డిపాజిట్ తీసేశాం బాబూ. వడ్డీ కాకుండా 5,400 మిగిలాయి. నవంబరు దాకా ఆ గేర్‌బాక్స్ మీద ఓ కన్నేసి ఉంచు."

జూన్‌లో వెళ్లి చూశాను. వణుకు లేదు.